భయాన్ని అడిగే సార్

పేపర్లో నాలుగో పేజీ అడుగున మూడు వాక్యాల్లో వేశారు. విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు అమీర్‌పేటలోని స్వగృహంలో కన్నుమూశారని, ఆయనకు భార్య ఉన్నారని, అంత్యక్రియలు పూర్తయ్యాయని. చదవగానే నాకు ముందు నవ్వొచ్చింది. ఏడుపు తరవాత, మధ్యాహ్నం అన్నం కంచం ముందు కూర్చున్నప్పుడు వచ్చింది.

నవ్వెందుకంటే, ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడు కారు. వ్యాయామ విద్య నేర్పే కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. పరిగెత్తేవాడి కాళ్ళ గురించి చెప్పడానికి ఆ కాలేజీలో పదిమంది ఉండేవారట. పరిగెత్తబోయే ముందు వాడి లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి ఈయన ఒక్కరే. బతికుండగా కూడా ఆయన ఉద్యోగం పేరు ఎవరూ సరిగ్గా పలికింది లేదు.

"ఆటలోళ్ళు నన్ను పిచ్చి డాక్టర్ అంటరు. పిచ్చి డాక్టర్లు నన్ను డ్రిల్లు మాస్టర్ అంటరు. మా గల్లీల జిరాక్స్ షాపాయన భయం డాక్టర్ అంటడు. అందర్ల గాయినకే జర అర్థమైంది" అనేవారు.

ఆయన పేరు నేనిక్కడ రాయను. తన దగ్గరికి వచ్చిన వాళ్ళ పేర్లు ఆయన ఏనాడూ, భార్యకు కూడా చెప్పలేదు. "నా దగ్గరికొచ్చినోళ్ళకు పేర్లుండవు బిడ్డా, గుండెకాయలే ఉంటయ్" అన్న మనిషి పేరు నేను బయటపెట్టడం ఏం బాగుంటుంది? మాకు ఆయన సార్. అంతే.

మొదటిసారి చూసింది పంజాగుట్టలో, ఓ నాలుగంతస్తుల భవనం మెట్ల మీద. నేను తెనాలి నుంచి వచ్చి అప్పటికి తొమ్మిది నెలలైంది. ఆ రోజుల్లో అమీర్‌పేటలో తలెత్తితే ఆకాశం కన్నా ముందు కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపించేవి. పొద్దున్న ఆరింటికే క్లాసులు మొదలయ్యేవి. జావా నేర్చుకున్నాను, టెస్టింగ్ నేర్చుకున్నాను, ఇరుకు హాస్టల్లో నలుగురి మధ్య పడుకోవడం నేర్చుకున్నాను. ఇంటర్వ్యూలో కుర్చీలో కూర్చోవడం మాత్రం రాలేదు. ఆ రోజు మూడో ప్రశ్నకి నోరు ఎండిపోయింది. అయిదో ప్రశ్నకి చేతిలో పెన్ను జారి కింద పడింది. తీసుకోవడానికి వంగి, తీసుకుని, మళ్ళీ కూర్చోకుండా తలుపు తీసుకుని బయటికొచ్చేశాను. అది నా నాలుగో ఇంటర్వ్యూ.

మెట్ల మీద కూర్చుని రొప్పుతుంటే, చంకలో ఫైలు పెట్టుకున్న ఒక పెద్దాయన ఆగారు. బట్టతల, తెల్ల గడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఎర్రమంజిల్‌లో ఏదో ఆఫీసుకి పింఛను పని మీద వెళ్ళి నడిచి వస్తున్నారు.

"బిడ్డా, నాడి దొర్కుతుందా?" అన్నారు.

"ఏంటండీ?"

"మణికట్టు మీద, బొటనవేలు కింద. నువ్వే పట్టుకో, నేను పట్టుకోను. నేను గడియారం చూస్త, నువ్వు లెక్కపెట్టు. షురూ జెయ్."

పిచ్చాడేమో అనుకున్నాను. అయినా ఎందుకో పట్టుకున్నాను. మొదట దొరకలేదు. దొరికాక లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు. మూడోసారికి నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. నూట పన్నెండు.

"గంతేనా? నేను గా ఆఫీసుల నా ఫైలు యాడుందని అడిగేటప్పుడు నూట నలబై ఉంటది" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నవ్వాక చూసుకుంటే రొప్పు తగ్గిపోయి ఉంది. ఏదో మంత్రం వేశారని చాలా రోజులు అనుకున్నాను. లెక్కపెట్టే మనిషికి భయపడే తీరిక ఉండదన్నదే ఆ మంత్రమని తరవాత తెలిసింది. చాయ్ హోటల్లో సర్వర్ చేత, కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చేత, నాతో గొడవపడిన ఆటో అతని చేత కూడా ఆయన ఇలాగే లెక్కపెట్టించడం నా కళ్ళతో చూశాను. ఆటో అతను లెక్కపెట్టి, "డెబ్బై ఆరు భాయ్, నేను మంచిగనే ఉన్న" అని, గొడవ మరిచిపోయి వెళ్ళిపోయాడు.

వాళ్ళ ఇల్లు మా హాస్టల్‌కి రెండు సందుల అవతల. "ఇంటికి రా, మా ఆమె సుత ఉంటది" అన్నారు గనక వెళ్ళాను. ఆంటీ సర్కారు బళ్ళో లెక్కల టీచరు. ఇద్దరూ దక్కనీలో పోట్లాడుకునేవారు. నేను గుమ్మంలోకి రాగానే తెలుగులోకి మారేవారు, పోట్లాట మాత్రం ఆపేవారు కాదు.

"దునియా మొత్తానికి భయం తీస్తరంట. బల్లిని జూస్తే మంచమెక్కుతరు" అనేది ఆంటీ.

"బల్లికి భయపడుడు తప్పా? దాని మనసుల ఏమున్నదో ఎవరికెర్క" అనేవారు సార్.

ఆయన ఈ చదువులోకి ఎలా వచ్చారంటే, కాలేజీలో ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో ఒక ఫైనల్లో పెనాల్టీ కిక్ తన్నాల్సి వచ్చిందట. గోల్‌కీపర్ నిలబడ్డాడు, బంతి ఎదురుగా ఉంది, ఆయన కాలు మాత్రం వేరేవాళ్ళ కాలులా బిగుసుకుపోయింది. బంతి గోలు పైనుంచి, గోడ పైనుంచి పోయి ఎవరి డాబా మీదో పడింది. "గా బాల్ ఇంకా దొర్కలె. దాన్ని ఎతుక్కుంటనే పీహెచ్‌డీ దాక పోయిన."

వాళ్ళ ముందుగదిలో చెక్క పెట్టె మీద ఒక ఇత్తడి రేకు ఉండేది. దానికి తొమ్మిది చిల్లులు, ఒకటి కన్నా ఒకటి చిన్నవి. ఒక ఇనప పుల్లని అంచుకు తగలకుండా చిల్లులో పట్టుకోవాలి. తగిలితే బజర్ మోగుతుంది. చెయ్యి ఎంత నిలకడగా ఉందో చూసే పరికరం అది. రిటైరయ్యే ఏడాది ఆయన లాబ్ గది ఖాళీ చేయించి కంప్యూటర్లు పెట్టారట. ఆయన సబ్జెక్టులో చేరేవాళ్ళు ఇద్దరు, కంప్యూటర్లకి గదులు చాలడం లేదు. సామాన్లు తుక్కు కింద రాసేస్తుంటే ఈ ఒక్కటి అడిగి తెచ్చుకున్నారు. "ముప్పై ఏండ్ల డిపార్ట్‌మెంట్ ఆటోల పట్టింది" అన్నారు నాతో. అప్పుడు కూడా నవ్వుతూనే అన్నారు గానీ, చెప్పాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

నా చేత ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ ఆ రేకు దగ్గర చేయించారు. నేను పుల్ల పట్టుకుని నాలుగో చిల్లులో పెట్టాలి. ఆంటీ కుర్చీలో కూర్చుని, నా క్లాసు జిరాక్స్ కాగితాల్లోంచి ప్రశ్నలు అడగాలి. సార్ పక్కన ఊరికే నిలబడతారు.

"పాలిమార్ఫిజం అంటే ఏంది?" అంది ఆంటీ, ఎక్కం తప్పిన పిల్లని అడిగినట్టు.

చెప్పాను. బజర్ మోగలేదు. ఇంకో పది ప్రశ్నలకి రెండుసార్లు మోగిందేమో. నాకే ఆశ్చర్యమేసింది. ఇదంతా నాకు వచ్చు కదా, మరి అక్కడ నోరెందుకు ఎండిపోతోంది?

"ఇంతకుముందు యాడ పనిచేసినవ్?" అంది ఆంటీ.

బజర్ మోగింది. ఆగలేదు. పుల్ల బయటికి తీసి మళ్ళీ పెట్టమన్నారు సార్. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే మోత. మూడోసారి ఆంటీ "యాడ..." అనగానే మోగింది.

సార్ స్విచ్ ఆపేశారు. "ఏమున్నది బిడ్డా గీ ప్రశ్నల?"

చెప్పక తప్పలేదు. మా హాస్టల్ కింద ఉద్యోగాలు చూపించే ఒక కన్సల్టెన్సీ అతను నా బయోడేటాలో మూడేళ్ళ అనుభవం రాశాడు. బెంగుళూరులో నేనెప్పుడూ చూడని ఆఫీసు, నేను ముట్టుకోని ప్రాజెక్టు, నాకు లేని మేనేజరు. "అందరూ పెట్టుకునేదే అమ్మా, ఏం కాదు, బాగా బట్టీ పట్టేయ్" అన్నాడు. నా గదిలో ఇద్దరు అలాగే ఉద్యోగాల్లో చేరిపోయారు. ఒకమ్మాయి తన అబద్ధపు మేనేజరుకి ఇద్దరు పిల్లల్ని కూడా కల్పించింది.

"వాళ్ళెవరికీ చేతులు వణకలేదు సార్. నాకే ఏదో జబ్బు. అది పోయే ఉపాయం చెప్పండి. దసరా లోపల ఉద్యోగం రాకపోతే నేను మా ఊరెళ్ళిపోవాలి" అన్నాను. నిజంగానే ఏడుస్తున్నాను.

"ఉపాయమా? మస్తున్నయ్. రెండు వారాలల్ల నీ చెయ్యి రాయి లెక్క జేస్త. గది నాకొచ్చిన పని" అన్నారు. ఆంటీ లేచి లోపలికి వెళ్ళిపోయింది, ఏం చెప్పబోతున్నారో ఆమెకు తెలిసినట్టు.

అప్పుడు చెప్పారు ఒక జిమ్నాస్ట్ అమ్మాయి సంగతి. పదహారేళ్ళది. పరిగెత్తుకొచ్చి గుర్రం లాంటి ఎత్తుబల్ల మీద చేతులాన్చి, గాల్లో తిరిగి అవతల దిగాలి. ఎంతో బాగా చేసే పిల్ల ఉన్నట్టుండి బల్ల ముందుకొచ్చి ఆగిపోవడం మొదలుపెట్టింది. పెద్ద పోటీలకి ఎంపిక దగ్గరికొచ్చింది. కోచ్ ఆమెను సార్ దగ్గరికి తెచ్చాడు. ఆరు వారాలు ఆమెతో కూర్చున్నారు సార్. కళ్ళు మూయించి, దూకడమంతా మనసులోనే చూపించి, ఊపిరి నేర్పించి, భయం మొత్తం తీసేశారు. ఎంపిక రోజు ఆ పిల్ల ఆగకుండా దూకింది. దిగేటప్పుడు మోకాలు విరిగింది. ఆ మోకాల్లో లోపల అప్పటికే దెబ్బ ఉంది. ఆ పిల్ల భయం ఆరు వారాల నుంచీ అదే చెబుతోంది.

"నా పద్ధతి గెల్చింది బిడ్డా. పిల్ల ఓడిపోయింది" అన్నారు. "గప్పటిసంది ఎవరి భయాన్నీ ముందుగాల ఊకోమనను. ఏమంటున్నవే అని అడుగుత. నీది అడిగినవా?"

అడగక్కర్లేకపోయింది. అది ఆ సాయంత్రం మొత్తం బజర్ మోగిస్తూనే ఉంది.

మర్నాడు కొత్త బయోడేటా రాసుకున్నాను. అనుభవం అన్నచోట ఏమీ లేదని రాశాను. కన్సల్టెన్సీ అతను నన్ను చూసి జాలిపడ్డాడు. ఫ్రెషర్లను ఎవరూ పిలవరన్నాడు. అతనన్నది నిజమే, చాలామంది పిలవలేదు. దసరా వెళ్ళిపోయింది. మా నాన్నకి ఫోన్ చేసి సంక్రాంతి దాకా గడువు అడిగి, గొంతు బింకంగా పెట్టుకుని సాధించాను. చివరికి పంజాగుట్టలోనే, పదిహేను మంది ఉన్న ఒక చిన్న కంపెనీలో నన్ను కూర్చోబెట్టినతను బయోడేటా తిరగేసి చూసి, "అమీర్‌పేట నుంచి వచ్చి అనుభవం లేదంటారేంటండీ? అక్కడ అందరికీ ఉంటుందే!" అన్నాడు.

"నాకు లేదండి" అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. వాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని ఇచ్చారు. ఈ రోజుకీ నేను చేసేది అదే పని.

ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. పొద్దున్నే సార్‌తో నడక, పంజాగుట్ట దాకా పోయి చాయ్ తాగి రావడం. ఎప్పుడూ అటే. ఒకసారి నేను కృష్ణానగర్ వైపు వెళ్దామంటే, అక్కడ రోడ్డు బాలేదన్నారు. ఇంకోసారి కుక్కలున్నాయన్నారు. మూడోసారి నేనేమీ అనకముందే పంజాగుట్ట వైపు తిరిగిపోయారు.

ఆంటీని అడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది. "గా జిమ్నాస్టిక్స్ పిల్ల గక్కడనే ఉన్నది. సినిమాలల్ల కొట్లాటలకు పడుడు, దునుకుడు నేర్పుతదంట పిల్లలకు. పదేండ్లసంది పోదమంటరు. అంగీ వేసుకుంటరు. మళ్ళ ఇప్పి పెడ్తరు."

బాధ కన్నా నాకు ముందు కోపమొచ్చింది. ఆ పై ఆదివారం చాయ్ దగ్గర అడిగేశాను. "సార్, మీ భయం ఏమంటోంది?"

గ్లాసు కింద పెట్టారు. నేనెవర్నో గుర్తుపట్టనట్టు చూశారు. "తిడ్తదేమో అని గాదు బిడ్డా. తిట్టదేమో అని. 'పోనీలెండి సార్' అంటే నేనేం జేయాలె?"

"వెళ్ళి చూద్దాం సార్. తిట్టకపోతే అక్కడే నేను తిడతాను" అన్నాను.

ఆటోలో వెళ్ళాం. కృష్ణానగర్‌లో ఒక సందు చివర రేకుల షెడ్డు. లోపల పాత పరుపులు, తాళ్ళు, వెదురు కర్రలతో కట్టిన ఒక మంచె. పన్నెండు మందో పదిహేను మందో అమ్మాయిలు వరసగా పల్టీలు కొడుతున్నారు. వాళ్ళ మధ్య ముప్పై ఏళ్ళు దాటిన ఒకామె, జడని నెత్తి మీద ముడేసుకుని, కుడికాలు కొంచెం ఈడుస్తూ తిరుగుతోంది. గుమ్మంలో సార్‌ని చూసి ఆగిపోయింది. సార్ లోపలికి అడుగు పెట్టలేదు, వెనక్కీ తిరగలేదు.

"ఇన్నేండ్లు యాడ పోయిన్రు సార్?" అంది.

సార్ ఏదో చెప్పబోయారు.

"దవాఖానల మూడు నెలలున్న. కోచ్ రాలె. టీమోళ్ళు రాలె. వాళ్ళు రారని నాకెర్కనే. మీరు వస్తరనుకున్న. తలుపు చప్పుడైనప్పుడల్లా మీరేమో అని జూసిన."

"సిగ్గయింది బిడ్డా" అన్నారు సార్.

"నా కాలిరిగితే మీకు సిగ్గయిందా?"

పల్టీలు ఆగిపోయాయి. అమ్మాయిలంతా ఇటే చూస్తున్నారు. నాకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు. సార్ మాత్రం అక్కడే, గుమ్మం పట్టుకుని, ఆ మాట పూర్తిగా తన మీద పడనిచ్చారు. సమర్థించుకోలేదు. ఆమె దూకిన సంగతి ఎత్తకుండా, ఆయన దవాఖానకి రాకపోవడం గురించే అడుగుతోందని అప్పుడు మా ఇద్దరికీ అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆయన ఒక తప్పుని మోసుకు తిరుగుతున్నారు. ఆమె లెక్కలో అసలు తప్పు ఇంకోటి.

ఆమే కాసేపటికి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి వేసింది. "కూసోన్రి. ఇంకోటి చెప్తా ఇనున్రి. మోకాలు నొస్తుందని నాకు ముందే తెల్సు. మీతోటి చెప్పలె. చెప్తే టీమ్‌ల నుంచి తీసేస్తరని."

"నువ్వు చెప్పేదాక నేను అడగాలె. గది నా పని."

"మీరడిగినా చెప్పకపోదును."

"అయినా అడగాలె."

"చెప్పకపోదును సార్!"

"చెప్పకపోయినా అడగాలె!"

ఇద్దరూ గొంతులు పెంచి తప్పు నాదంటే నాదని పోట్లాడుకుంటుంటే, వెనక ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆమె ఆ అమ్మాయి మీద కేకలేసి, చాయ్ చెప్పి, సార్ ఎదురుగా కింద పరుపు మీద కూర్చుంది. ఆమె క్షమించిందో లేదో నాకు తెలియదు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం ఇలా అంది:

"మా పిల్లలు దునుకుడు నేర్చుకుంటున్నరు. షూటింగ్‌ల ఎవడు దునుకుమంటే గంత ఎత్తు మీదికెల్లి దునుకుతరు. వద్దనుడు రాదు వీళ్ళకు. ఆదివారాలు వచ్చి జర మాట్లాడుతరా?"

సార్ ఆ తరవాత ఎన్నేళ్ళు వెళ్ళారో నేను లెక్కపెట్టలేదు. కాలేజీలో ఎన్నడూ నిండని క్లాసు ఆ రేకుల షెడ్డులో నిండింది. అబిడ్స్‌లో కొన్న ఒక నల్లబల్ల కూడా పెట్టించారు, దాని మీద ఎప్పుడూ ఏమీ రాయలేదు. నాకు పెళ్ళయి మియాపూర్ వైపు మారిపోయాను. నెలకోసారైనా వెళ్ళి ఒక మూల కూర్చునేదాన్ని.

ఆఖరిసారి వెళ్ళిన ఆదివారం నాకు బాగా గుర్తుంది. సార్‌కి అప్పటికి నడక తగ్గింది. మంచె ఎదురుగా తన కుర్చీలో ఉన్నారు. ఒక సన్నటి అమ్మాయి నిచ్చెనెక్కి మంచె మీద నిలబడింది. కింద పరుపులు సర్దారు. దూకాలి. ఆమె అంచు దాకా వచ్చింది, కిందికి చూసింది, వెనక్కి జరిగింది. మళ్ళీ వచ్చింది. మిగతావాళ్ళు "దునుకే, దునుకు" అని అరవడం మొదలుపెట్టారు.

ఆ అమ్మాయి తిరిగి నిచ్చెన వైపు వెళ్ళింది. ఒక్కో మెట్టూ పట్టుకుని, ముఖం గోడ వైపు పెట్టుకుని దిగసాగింది. ఎవరో నవ్వారు.

సార్ కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు. ముందు ఆయనొక్కరే, నెమ్మదిగా. ఆ అమ్మాయి చివరి మెట్టు దిగేదాకా ఆపలేదు. నవ్వినవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత వాళ్ళూ కొట్టారు.

"ఏమైంది బిడ్డా?" అన్నారు.

"కాలు బెణికింది సార్, నిన్న షూటింగ్‌ల. ఎవరికీ చెప్పలె."

ఆ షెడ్డు నడిపే జిమ్నాస్ట్ టీచరు అప్పటికే అక్కడికి చేరింది. తన కుడికాలు వంగదు గనక దాన్ని పక్కకి చాపి, కష్టపడి నేల మీద కూర్చుంది. ఆ పిల్ల పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది.

"ఐస్ గావాలె" అంది.

నేను లేచేలోపు సార్ గుమ్మం దాటేశారు. సందు చివర సోడా కొట్టు వైపు, రోడ్డు మీద గుంతలు చూసుకోకుండా, ఆ వయసులో అంత తొందరగా నడుస్తున్నారు.